మర్నాటి చవితి

మా వంటింటి అలమరలో పైఅరన ఒక పాత రేకు డబ్బా ఉంది. అందులో ఇప్పుడుండేవి బొత్తాలు, పిన్నీసులు, తెగిన దారపుండలు. కానీ మూత తీస్తే వచ్చేది ఇంగువ వాసన. చింతపండు పెట్టి తోమాను, ఎండలో బోర్లించాను, ఒకసారి లోపల కర్పూరం కూడా వెలిగించాను, కర్పూరమే ఓడిపోయింది. మా కొట్టు పోయింది, తక్కెడ పోయింది, గల్లాపెట్టె ఏ బాబాయింట్లోనో చెప్పుల పెట్టెగా మారిపోయింది. వాటాల దగ్గర గట్టిగా బేరమాడి నేను గెలుచుకున్నది ఈ డబ్బా ఒక్కటే. నా బేరం ఏపాటిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

విజయనగరంలో గంటస్తంభం వెనక సందులో ఉండేది మా పచారీ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టా పరదా. గల్లా దగ్గర మా మామ్మ, అంటే నాన్నని కన్నావిడ, కూర్చునేది. తక్కెడ నాన్నది. వంటిల్లూ పోపుదినుసుల సొరుగులూ అమ్మవి. కొట్టుకి షట్టరు లేదు. గుమ్మానికి పైనా కిందా ఉన్న గాడిలో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టే టేకు చెక్కలే తలుపు. తెల్లారి ఆ చెక్కలు దించుతున్న చప్పుడుకే మా సందంతా లేచేది.

భాద్రపదం ముసురు పట్టి, బెల్లం దిమ్మలు చెమర్చి, గోనెసంచులు తడికుక్కల్లా వాసనేస్తున్న రోజుల్లో వినాయక చవితి వచ్చేది. ముందురోజు నుంచే బియ్యపు రవ్వకీ, శనగపప్పుకీ, కొబ్బరికాయలకీ జనం మీద జనం పడేవారు. చవితి నాడైతే మరీను. పూజ మధ్యలో కర్పూరం గుర్తొచ్చినవాళ్లు, నూనె పొయ్యి మీద పెట్టాక మినప్పప్పు చాల్లేదని తెలిసినవాళ్లు, ఇంటికి అల్లుడొచ్చి కూర్చున్నాక ఏలకులు లేవని గమనించినవాళ్లు, అందరూ తలమీద గొడుగో విస్తరో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. ఊరంతా మా దగ్గర కొన్నవాటితో పండగ చేసుకుంటుంటే, మేం మాత్రం స్టీలు గ్లాసుల్లో ఇంగువ చారు పోసుకుని, చారన్నం ముద్దలు బస్తాల పక్కన నిలబడే మింగి, మళ్లీ పొట్లాలు కట్టేవాళ్లం. దేవుడేమనుకుంటాడని ఒకసారి అడిగితే మామ్మ తొణకలేదు.

"మనది యాపారమని దేవుడికి తెల్దేటి?"

కాబట్టి మా చవితి పంచమి నాడొచ్చేది. వినాయకుణ్ణి కూడా మామ్మ చవితి సాయంత్రం, మట్టిబొమ్మలవాళ్లు తట్టలు సర్దుకునే వేళకి బయల్దేరి తెచ్చేది. పండగ దాటబోతున్న వినాయకుడికి ధర చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఆవిడ ఇచ్చిందే ధర. అప్పటికి మిగిలేవి చెవి విరిగినవో, ఎలక లేనివో, తొండం వానకి కరిగినవో. చాలా ఏళ్లపాటు నేను వినాయకుడికి ఒకటే చెవి ఉంటుందనుకున్నాను.

మర్నాడు మాత్రం మా ఇల్లు ఇల్లులా ఉండేది. కొట్లో ఈగలు తప్ప ఎవరూ ఉండరు. అమ్మ ఆవ పెట్టిన పులిహోర కలిపేది, గుమ్మడికాయ దప్పళం పెట్టేది, బూరెల పూర్ణం ముంచే తోపు పిండిని గిన్నె అంచున పట్టిచూసి తల ఊపేది, అరటాకు ముక్క తడిచేసి గారె తట్టి వేలితో కన్నంపెట్టి నూనెలోకి జార్చేది. ఆ మర్నాటివల్ల నాకొక లాభం కూడా ఉండేది. పంచమికి మిగతా పిల్లల ఇళ్లలో బూరెలు అయిపోయేవి, నా జేబులో అప్పుడే దించినవి ఉండేవి. సరుకు కరువైనప్పుడు అమ్మాలన్నది నాకు బడిలో చెప్పిన పాఠం కాదు. ఒక్క బూరెకి నాలుగు రంగు బలపాలు, ఒక నెమలీక, అవి కాక నా ఎక్కాలు రాసిపెట్టే పని కూడా అంటగట్టేదాన్ని. నెమలీక పిల్లల్ని పెట్టలేదు; అంటే అక్కడ నష్టపోయింది నేనే.

అమ్మకి మాత్రం ఆ మర్నాడంటే లోపల ముల్లు. ఆవిడది పొందూరు దగ్గర పల్లె. వాళ్లది వ్యవసాయం. ఏ పండగ ఆ రోజే, ఏ పూట ఆ పూటే చేసే ఇల్లు. అమ్మకి ఈ సంబంధం వచ్చినప్పుడు ఆవిడ చిన్నాన్నలందరూ వద్దన్నారట. కొట్టోళ్లింటికి ఇస్తే పిల్లకి పండగపూట కూడా పీట మీద కూర్చునే తీరిక ఉండదన్నారట. అమ్మ నాన్న, మా తాత ఒక్కడే అడ్డుపడి, "నా కూతురు ఆ ఇంట్లో ఏళకి తింటాది, నాది పూచీ" అని అందరి ముందూ అన్నాడట. ఆ మాట నిలబెట్టడానికి అమ్మ అబద్ధమాడుతూ వచ్చింది. పొందూరు వెళ్లినప్పుడల్లా ఆడవాళ్లు చుట్టూ చేరి మీ ఇంట చవితి ఎలాగని అడిగేవారు, అమ్మ మొదలుపెట్టేది. పొద్దున్నే పూజ, పన్నెండింటికల్లా విస్తళ్లు, అందరూ ఒకే బంతి, గారెలు కాలుతుండగానే ఆకులోకి. నేను పక్కన కూర్చుని నోట్లో ఏదో ఒకటి నములుతూ ఉండేదాన్ని. నోరు నిండా ఉంటే సాక్ష్యం చెప్పక్కర్లేదు. చవితి బూరెలు కూడా ప్రతి ఏడూ బస్సులో తెలిసినవాళ్ల చేత పుట్టింటికి పంపేది. మర్నాడు చేసినవి ఆ మర్నాటికి చేరేవి.

నేను అయిదో తరగతిలో ఉన్న ఏడు, చవితికి ముందు ఆ పల్లె నుంచి సరుకు కోసం వచ్చిన మనిషి పొట్లం అందుకుంటూ అమ్మతో మీ నాన్న పండక్కి వస్తాడంట అని చెప్పి వెళ్లాడు. అమ్మ చేతిలో జీలకర్ర కొలత అలాగే ఆగిపోయింది. అత్తగారిని అడగలేదు, నాన్నని అడిగినా లాభం లేదు. పరదా వెనక్కి నన్ను లాగి, కళ్లలోకి చూసి, ఆ ఒక్క మధ్యాహ్నం కొట్టు కట్టించమంది. నా బేరాల మీద లోకంలో నమ్మకమున్న ఏకైక మనిషి ఆవిడ.

నేను గల్లా దగ్గరికి వెళ్లి చవితి రోజంతా కొట్టు కట్టేద్దామన్నాను. ఎక్కువ అడిగితేగాని తక్కువ దక్కదని మామ్మ దగ్గరే నేర్చుకున్నాను.

"కట్టీడానికి ఎవులైనా పోయేరేటే?" అంది మామ్మ.

పోనీ మధ్యాహ్నం నుంచి అన్నాను. ఆవిడ ఒక చెక్క పెడతానంది. ఒక చెక్క పెడితే కొట్టు కట్టినట్టా, పన్ను ఊడినట్టా అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది, అదే నా అదను. చివరికి మధ్యాహ్నం భోజనాల వేళకి చెక్కలన్నీ పెట్టి, చివర్న రెండు చెక్కల సందు మాత్రం తెరిచి ఉంచేలా ఒప్పందమైంది. బదులుగా నేను దీపావళి దాకా రోజూ పాత పేపర్లతో పొట్లాలు చుట్టాలి. ఆ సందే మా కొంప ముంచుతుందని నాకు తట్టలేదు. ముసురులో వెలుతురున్న సందు కనిపిస్తే జనం ఊరుకుంటారా?

చవితి పొద్దున్న మామ్మ గుండె రాయి చేసుకుని నిండు ధరకి వినాయకుణ్ణి కొంది. రెండు చెవులూ ఉన్న వినాయకుణ్ణి మా ఇంట్లో చూడడం అదే మొదలు. తాత పదింటికి వచ్చాడు. మోకాళ్ల దాకా తడిసిన పొందూరు పంచె, భుజాన సొరకాయలు కట్టిన తువ్వాలు. పూజయింది. అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని పొయ్యి ముందు కూర్చుంది. పన్నెండింటికి పీటలు వేసింది. పన్నెండింటికే, అబద్ధంలో చెప్పినట్టే.

తాత, నాన్న, నేను కూర్చున్నాం. మొదటి వాయి గారెలు ఆకులో పడ్డాయో లేదో, సందులోంచి కర్పూరమని కేక. నాన్న లేచాడు. వెంటనే ఇంకెవరో ఆవాలు అన్నారు. ఆ సొరుగు అమ్మది, మూకుడు దించి ఆవిడా వెళ్లింది. మామ్మ గల్లా వదిలి అసలు రానేలేదు. వరసగా బెల్లమన్నారు, శనగపిండన్నారు. పీటల మీద తాతా నేనూ మిగిలాం. గారెల మీద పొగ సన్నగిల్లింది, ఆగిపోయింది. అమ్మ పరుగున వచ్చి మూకుడు ఎక్కించబోతూ తండ్రి ఆకు వైపు చూసింది. ఆయన ఇంకా చెయ్యి పెట్టలేదు. కొట్టు వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, పీట మీంచి లేచాడు.

వియ్యంకుడు విస్తరి ముందు నుంచి లేచిపోతే అది ఏ జన్మకీ మానే పుండు కాదు. చిల్లుల గరిట చేత్తో పట్టుకుని అమ్మ గోడకి ఆనుకుంది. తాత పరదా పక్కకి నెట్టి కొట్లోకి నడిచాడు. నాన్న చేతిలోంచి తక్కెడ తీసుకుని, "నువ్వెల్లి తిను అల్లుడూ. ఇది నాను సూస్తాను" అన్నాడు.

మామ్మ కంగారుగా గల్లా మీంచి లేచింది. "అన్నయ్యగారూ, మీకెందుకండీ ఈ పని?"

"ఊరికే కూకోని తినడానికి సెయ్యి ఒప్పదు సెల్లెమ్మా."

కుంచం ఎప్పుడూ తలకట్టి, అంటే పైన గోపురంలా పోసి, కొలిచిన చెయ్యి అది. తక్కెడ ముల్లు మధ్యలో ఆగాలని ఆయనకెవరూ చెప్పలేదు. కొన్నావిడ మొహం వెలిగేదాకా బెల్లం పెట్టాడు. ఆపైన కొసరన్నాడు, కొసరు మీద పిల్లలకన్నాడు. సందులో వార్త వానకన్నా ముందు పాకింది. పొద్దున్న కొనుక్కెళ్లినవాళ్లు కూడా ఏదో మరిచిపోయామంటూ తిరిగొచ్చారు. శనగపప్పు బస్తాలో మట్టం దిగుతుంటే మామ్మ కళ్లు కూడా దానితోపాటే దిగుతున్నాయి. వియ్యంకుణ్ణి ఆపమనలేదు, చూస్తూ ఉండనూలేదు. ఇంకో ఇద్దరు వచ్చి నిలబడేసరికి నాన్నని పిలిచి, ఇంటిల్లిపాదీ ఇప్పటికీ చెప్పుకునే మాట అనేసింది.

"సెక్కలు పెట్టీరా. పండగపూట కొట్టు తీసుంచుతారేటిరా ఎవులైనా?"

చివరి రెండు చెక్కలూ గాడిలో పడిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. కొట్లో చీకటి కమ్మింది. పొయ్యి వెలుగు ఒక్కటే మిగిలింది. అయిదు పీటలు ఒకే వరసన వేశాం. అమ్మ వాయి దించి, ఆకుల్లోకి వేసి, మూకుడు పక్కన పెట్టేసి తనూ కూర్చుంది. మామ్మ గారె విరిచింది. లోపల్నుంచి ఆవిరి లేచింది. దాన్ని కాసేపు అలా చూసి, "ఏడిగా ఉన్నాదే" అంది, సరుకులో లోపం కనిపెట్టినట్టు. తర్వాత ఇంకో రెండు వేయించుకుంది.

మర్నాడు బస్సెక్కేముందు తాత అమ్మ తల మీద చెయ్యి వేసి నెమ్మదిగా అన్నాడు. "సవితి నాటి బూరి మాకు సేరేసరికి పూర్ణం పులిసిపోవాల. నీవి ఎప్పుడూ పులవనేదు. ఏ రోజు ఏసినవో మాకు తెల్దనుకున్నావేటే పిచ్చిమొకమా?"

 మరి ముందే చెప్పొచ్చు కదా నాన్నా అంది అమ్మ.

"నువ్వు సెప్తంటే ఇనడానికి బాగుండీది. మర్నాడు తిన్నా పండగేనమ్మా. నువ్వు తింటన్నావా నేదా, అదే నాకు గావాల."

బస్సు కదిలాక అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలాదూరం మోసుకొచ్చిన బియ్యపు మూట దించి భుజం విదిలించుకున్నట్టు ఒక్కసారి ఊపిరి వదిలి, నడువ్, పొట్లాలు చుట్టాలి కదా నువ్వు అంది.

మామ్మ మారిపోయిందని చెబితే ఆవిడ పైనుంచి నన్ను తిడుతుంది. మరుసటి ఏడూ చవితి నాడు కొట్టు తీసింది, వినాయకుణ్ణి సాయంత్రమే తెద్దామని గొణిగింది. కానీ మధ్యాహ్నం కాగానే చెక్కలు పెట్టించింది. తాత రాకపోయినా పెట్టించింది. ఎందుకని అడిగితే, "ఏమో, మీ తాత మజ్జిలో దిగి తూసీగల్డు" అంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ అదే వంక, ఉన్నన్నాళ్లూ వేడి గారెలు.

ఇప్పుడా చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఇనప షట్టరే, గాడిలో నిలబెట్టే చెక్కలు లేవు. చవితి సరుకంతా సంచుల్లో ముందే తూచి మూతికట్టి వస్తోంది. మొన్న సూపర్ మార్కెట్లో అలవాటు చొప్పున కొసరు అడిగాను. ఆ పిల్లకి మాట తెలియక మేనేజర్ని పిలిచింది. ఆయనకీ తెలియక నాకు చాక్లెట్ ఇచ్చి పంపాడు. నేను ఓడిపోయానో గెలిచానో ఇప్పటికీ తేలలేదు. బస్తాల పక్కన నిలబడి తాగిన చారు రుచి మాత్రం పోయింది. ఎంత ఇంగువ వేసినా కూర్చుని తాగితే అది రాదు. మిగతావాటిలో చాలా పోయినందుకు, నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే ఉంది.

ఈ ఏడు చవితికి పొయ్యి దగ్గర నేను, పీట బదులు కుర్చీలో అమ్మ. నా గారెలకి కన్నం ఎప్పుడూ పక్కకి పోతుంది. మొదటి వాయి అమ్మకే వేశాను. తినేలోపు పొందూరు నుంచి ఆవిడ పినతల్లి కూతురు ఫోన్ చేసి పండగ ఎలా అయిందని అడిగింది. అమ్మ గొంతు సవరించుకుంది. పొద్దున్నే పూజ, పన్నెండింటికల్లా విస్తళ్లు, అందరం ఒకే బంతి, గారెలు కాలుతుండగానే ఆకులోకి. అవే మాటలు, ఒక్కటీ మార్చలేదు.

ఫోన్ పెట్టేసి, గోడ గడియారం వైపోసారి, ఆకులో పొగలు కక్కుతున్న గారె వైపోసారి చూసి, నా వైపు తిరిగింది.

"నిజవే కదేటే?"

నా నోటినిండా గారె ఉంది. తల ఊపాను.