పలుపులు విప్పిన సాయంత్రం

ఇప్పుడే ఫోన్ కీచుమని అరిచింది. తుఫాను హెచ్చరిక. బందరులో ఆకు కదలడం లేదు, ఉప్పు వాసన మా మూడో అంతస్తు దాకా వస్తోంది. దివిసీమలో పెరిగినవాళ్ళకి ఈ ఉక్కపోత గుర్తుండే ఉంటుంది కదూ?

చిన్నప్పుడు ఇలాంటి రోజున అందరం రేడియో చుట్టూ చేరేవాళ్ళం. బ్యాటరీలు అయిపోతాయని నాన్న వార్తలప్పుడే పెట్టేవారు. ఓసారి తుఫాను ఒంగోలు వైపు మళ్ళేలా ఉందని విని ఆయన ఊపిరి పీల్చుకున్నారు. మామ్మ మాత్రం కొట్టంలోకి వెళ్ళి గొడ్ల పలుపులు విప్పడం మొదలెట్టింది.

"ఇప్పుడెందుకమ్మా? ఎవరి చేలో పడతాయో! ఊరంతా మన మీదకొస్తారు."

"మళ్ళిపోతే పొద్దున్నే వెతికి కట్టుకుందాం రా. మళ్ళకపోతే?"

అంతకుముందు దివిసీమని ముంచిన ఉప్పెన నీళ్ళు తీశాక, గుంజలకి కట్టినవి కట్టినట్టే చచ్చి పడున్న మా గొడ్లని మామ్మతో పాటు నాన్నా చూశారు. లేచి వెళ్ళి ఎర్రావు పలుపు ఆయనే విప్పారు. ఆ తుఫాను నిజంగానే మళ్ళిపోయింది. మమ్మల్ని చూసి అందరూ విప్పేశారేమో, తెల్లారి ఊరు ఊరంతా గొడ్లని వెతుక్కుంది. ఒక్కరూ తిట్టలేదు.

ఇందాక కిందకి దిగి, మెట్ల కింద కట్టేసిన మా అపార్ట్‌మెంట్ కుక్క గొలుసు తీసేశాను. వాచ్‌మన్ గారు కంగారుగా వచ్చారు.

"విప్పేశారేంటండీ? తుఫాను ఎటెళ్తుందో ఇంకా తేలలేదంటున్నారు."

"మళ్ళిపోతే రేపు కట్టుకుందాం లెండి."

ఆయనదీ మా దివిసీమే, నాగాయలంక. బిల్డింగు వెనక్కి వెళ్ళి, అక్కడ కట్టేసిన తన మేక తాడు విప్పారు.