కుట్టుమిషను కింద నూనెగుడ్డ

మెడలో టేపు లేకుండా ఆ దర్జీని ఎవరూ చూడలేదు కాబట్టి వీధంతా ఆయన్ని టేపు మావయ్య అనేది. నడుం నొప్పికని మొదలెట్టిన బిళ్ళలు చివరికి ఆయన్నే మింగాయి. ఆ అలవాటు మానిపించే డాక్టరు దగ్గర చేరాక వాటి పీడ వదిలింది గానీ, కాళ్ళు పగబట్టాయి. పొద్దువాలిందంటే చాలు, పిక్కల లోపల చీమలు పాకినట్టు ఒకటే గుంజుడు. కూర్చోలేడు, పడుకోలేడు. ముందుగదిలో మిషనుకీ గోడకీ మధ్య ఉన్న కాస్త జాగాలో బోనులో ఎలుకలా తిరుగుతాడు.

డాక్టరు చెప్పినవన్నీ ఇల్లాలు తు.చ. తప్పకుండా చేయిస్తోంది. సాయంత్రం టీ బంద్. వేణ్ణీళ్ళ కాపడం, పిక్కలు పట్టడం. ఒంట్లో ఇనుము తగ్గిందేమోనని రక్తపరీక్ష. నిద్రబిళ్ళయినా జలుబుబిళ్ళయినా అడక్కుండా వేసుకోవద్దని, కొన్ని ఈ బాధని ఇంకా పెంచుతాయని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

బావమరిది మంచివాడే, ఆ మంచితనమే కొంప ముంచింది. బావ నడుముకి సుఖమని తొక్కుడు మిషనుకి మోటారు బిగించి పోయాడు. కాళ్ళకున్న ఒక్క పనీ పోయింది.

"మోటారు తీయించి మళ్ళీ బెల్టు వేయిద్దామండీ. తొక్కుతుంటే కాస్త నెమ్మదించేదిగా?" అంది ఇల్లాలు ఆ సాయంత్రం, పిక్కలు పడుతూ.

ఆయన మిషను వైపు చూశాడు. బెల్టు ఎక్కించాలంటే మిషను తల వెనక్కి వాల్చాలి. దాని కింద గుంటలో, నూనెగుడ్డలో చుట్టి, పాత బిళ్ళల అట్ట ఒకటి దాచాడు. వేసుకోడానికి కాదు, ఉందన్న ధైర్యానికని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి బయల్దేరాడు, ఇంకేం బాగుపడతాడు!

"వద్దులే, మోటారే బాగుంది" అన్నాడు. అంతలోనే కాలు ఎగిరి ఆవిడ మోచేతికి తగిలింది.

"అంత బాగుంటే నాకీ తన్నులెందుకండీ?" అని నవ్వేసిందావిడ.

అట్ట దొరికితే ఆ నవ్వు ఉండదు. దొరక్కపోతే ఇవాళో రేపో తనే తీసి మింగుతాడు, ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. లేచి, రెండు చేతులా మిషను తల వెనక్కి వాల్చాడు.

"ఇటు చూడు."

ఆవిడ చూసింది. గుడ్డ విప్పకుండానే తడిమి, కొంగున ముడేసుకుంది.

"రేపు డాక్టరుగారికి మీరే చెప్పాలి" అంది.

ఇద్దరూ మోటారు విప్పి బెల్టు ఎక్కించారు. దారం లేదు, గుడ్డ లేదు, ఆయన తొక్కుతూనే ఉన్నాడు. ఆవిడ మళ్ళీ పిక్కలు పట్టడానికి రాలేదు. గుమ్మంలో కూర్చుంది. ఆమె చూపు ఇప్పుడు కాళ్ళ మీద లేదు, ఆయన చేతుల మీదే ఉంది.