ఆవు ఈనిన ఉత్తరాలు

ఆ రోజుల్లో ఉత్తరం వచ్చిందంటే ఇంటికి మనిషి వచ్చినట్టే. ఒకరు చదివేవారు, పదిమంది వినేవారు. వినడానికి అక్షరాలు అక్కర్లేదు కాబట్టి నాలాంటివాళ్లకూ అందులో వాటా ఉండేది. ఇప్పుడు సింగపూర్‌లో మా పుంగ్గోల్ ఫ్లాట్‌లో తెల్లారితే చాలు, ఫోన్లోకి గుడ్ మార్నింగ్ పువ్వులు బుట్టలకొద్దీ వచ్చి పడతాయి, ఒక్కటీ దాచుకోబుద్ధి కాదు. మొన్న మా మనవరాలు పాత ట్రంకు పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మా ఇంటి ఉత్తరాలను ఒక్కొక్కటే ఫొటో తీస్తూ, నార్వే అనే దేశం నుంచి అమెరికాకు వలస వెళ్లినవాళ్ల ఉత్తరాలనూ ఇంటి కాగితాలనూ ఆ నార్వేవాళ్లు ఎంత అపురూపంగా దాచారో చెప్పుకొచ్చింది. "మీరు కూడా వాళ్లలాగే ఎంత జాగ్రత్త చేశారు నాన్నమ్మా!" అని మెచ్చుకుంది. (నార్వే చలిదేశమట. చెదలుండవు. అక్కడ దాచడం ఏం గొప్ప?) నిజానికి ఆ ఉత్తరాలను ఒకసారి పోగొట్టిన ఘనురాలిని నేనే. ఆ సంగతి ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నాను. నన్ను తిట్టవలసినవాళ్లంతా వెళ్లిపోయారు కనక ఇప్పుడు ధైర్యంగా చెప్పేస్తాను.

నేను పుట్టింది మలేసియాలోని జొహోర్‌లో ఒక రబ్బరు తోటలో. అక్కడ బడి ఉండేది. మేనేజరుగారి కుక్క రోజూ దాని మెట్లమీద పడుకునేది. నేను అంతవరకూ కూడా వెళ్లలేదు. పెళ్లిచూపులకు సింగపూర్ నుంచి వచ్చిన మా అత్తగారు నా రంగూ చూడలేదు, వంటా అడగలేదు. "పిల్లకి తెలుగు సదువొచ్చా?" అని ఒక్కటే అడిగింది. ఎందుకంటే ఆ ఇంట్లో ఉత్తరాలు చదివే మామగారు అంతకు ముందు ఏడాదే పోయారు. మా ఆయన ఇంగ్లీషు బడిలో చదువుకుని తెలుగు అక్షరం కనబడితే తల గోక్కునే రకం. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిననాటి నుంచీ ఊరి ఉత్తరాలన్నీ ఒక ట్రంకులో ఉన్నాయి, చదివే దిక్కు లేదు. మా అన్నయ్య ఏమాత్రం తడుముకోకుండా "గడగడా చదువుతుందండీ, ఆపడమే కష్టం" అనేశాడు. నేను తల దించుకున్నాను. అందరూ సిగ్గనుకున్నారు.

కాపురానికి వచ్చాక రెండేళ్లపాటు ఊరి నుంచి ఒక్క ఉత్తరమూ రాకపోవడం నా అదృష్టం. వంటింట్లో తెలుగు క్యాలెండరు ముందు నిలబడి పెదవులు కదిపేదాన్ని, అంతటితో నా పాండిత్యం గడిచిపోయేది. అప్పుడు మేముండే కంపంగ్ (పల్లె అన్నమాట) పాయా లేబర్ పేట పక్కన ఉండేది. (ఇప్పుడక్కడ చల్లటి మాల్‌లో నేను నడుం నొప్పికి ప్లాస్టర్లు కొనుక్కుంటాను.) రేకుల ఇళ్లన్నీ ఖాళీ చెయ్యమని సర్కారు కాగితం వచ్చింది, మాకు పదో అంతస్తులో ఫ్లాట్ వచ్చింది. సామాన్లు సర్దే రోజున అత్తగారు ట్రంకు తెచ్చి నా ముందు పెట్టింది.

"సావు కబుర్లు కొత్తింటికి రాకూడదు. సదివి ఏరి అవతల పారెయ్యి. మంచియి ఉంచు."

మన ఇళ్లల్లో చావు ఉత్తరం చదివిన వెంటనే చింపేస్తారు, గడప లోపలికి తేరు. కానీ మామగారు కాగితాన్ని చింపలేని మనిషి, అన్నీ దాచేశారు. చెదలు పట్టకుండా మధ్యమధ్య కర్పూరం బిళ్లలు కూడా వేశారు. మరి నేను ఏరేదెలా? ఆలోచించాను. శుభవార్త రాసిన ఉత్తరానికి మూలల్లో పసుపు రాస్తారు కదా. పసుపున్నది మంచిది, లేనిది చావు. ఇంత సుళువైన విద్యకు జనం బడులకెందుకు వెళతారో ఆ క్షణాన నాకు అర్థం కాలేదు. చకచకా రెండు కుప్పలు చేస్తుంటే అత్తగారు ఎదురుగా చతికిలబడింది.

"ఇందులో ఏటి రాసుంది?"

"అంతా క్షేమం అత్తయ్యా. వానలు పడ్డాయి. ఆవు ఈనింది."

"ఇందులో?"

"అంతా క్షేమం. వానలు కొంచెం తక్కువ. ఆవు ఈనింది."

"ఏటే, ఆ ఆవుకి ఇంకే పనీ నేదా?"

"ఇది వేరే ఆవు అత్తయ్యా. నల్లది."

ఆవిడ మూలకు పసుపున్న ఇంకొకటి నా చేతికిచ్చింది. అదీ ఈనింది. ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుని మూల కేసి చూసి, నా కేసి చూసి, "ఊఁ" అని వంటింటి సామాను సర్దడానికి వెళ్లిపోయింది. ఇంతలో వీధిలో పాం పాం అని హారను మోగింది. పాత కాగితాలూ సీసాలూ గోనెసంచిలో వేసుకుపోయే కారుంగ్ గుని చీనా తాత. పసుపు లేనివన్నీ పాత గుడ్డలో మూటగట్టి ఊరికే ఇచ్చేశాను. గట్టెక్కానని ఊపిరి పీల్చుకుని మంచినీళ్లు తాగుతున్నాను, అత్తగారు తిరిగి వచ్చింది.

"మా అమ్మ ఏలిముద్ర ఉత్తరం ఏదే? ఒకపాలి ఇటియ్యి."

గ్లాసు కింద పెట్టేశాను. ఆవిడ తల్లి పోయేముందు ఎవరిచేతో రాయించి, తనే పంపినట్టు కూతురికి తెలియాలని కింద ఊదారంగు సిరాతో బొటనవేలు అద్దిందట. ఓడెక్కి వచ్చాక ఆ తల్లిని ఈవిడ మళ్లీ చూడలేదు. "మా అమ్మ సెయ్యి నాకు అదొక్కటే మిగిలిందే," అంది. దానికి పసుపు లేదు. ఎందుకుంటుంది, మామూలు ఉత్తరానికి?

"అడుగున ఉంది అత్తయ్యా, తెస్తున్నా" అని పెరటి గుమ్మం గుండా పరుగు పెట్టాను, కాళ్లకు చెప్పుల్లేవు.

హారను వినబడిన వైపల్లా తిరిగి తిరిగి, చివరికి కాఫీ కొట్టు ముందు తాతను పట్టుకున్నాను. సాసర్లో కాఫీ ఊదుకుంటున్నాడు. వచ్చీరాని బజారు మలయ్‌లో నా గోడు చెప్పుకున్నాను. పాపం ఆయన కాఫీ పక్కనపెట్టి గోనెసంచి నేలమీద బోర్లించాడు. అయితే ఆ వారం కంపంగ్ మొత్తం ఖాళీ అవుతోంది. చీనా పేపర్లు, తమిళ పత్రికలు, మలయ్ నోటు పుస్తకాలు, రసీదులు, అందరి ఉత్తరాలూ కొండలా పడ్డాయి. నా మూట గుడ్డ ఆయన అప్పుడే విప్పి గుడ్డల్లో కలిపేశాడు. "ఏవి నీవి?" అన్నాడు. నాకు తెలుగూ తమిళమూ ఒకేలా గుండ్రంగా కనబడ్డాయి. ఒకటి తీసి అటూ ఇటూ తిప్పాను. ఆయన నా మొహంలోకి చూసి మెల్లిగా అడిగాడు, "తాక్ తాహు బాచా?" చదవడం రాదా అని. పుట్టాక నన్ను ఆ మాట సూటిగా అడిగిన మొదటి మనిషి ఆయనే. తల అడ్డంగా ఊపాను. ఆయన ఉన్న రెండు పళ్లతో నవ్వి, "సాయా పున్," అన్నాడు. నాకూ అంతే, అని. నా గుండెలమీద నుంచి రెండేళ్ల బండ ఒకటి దొర్లిపోయింది.

అక్షరాలు లేకపోతేనేం, ముక్కుంది. మామగారి కర్పూరం! ఒక కాగితం తీసి వాసన చూశాను, ఆయనా ఒకటి తీసి చూశాడు. కర్పూరం వాసన ఉంటే నా ఒళ్లోకి, లేకపోతే సంచిలోకి. నడిరోడ్డు మీద మేమిద్దరం మోకాళ్ల మీద కూర్చుని కాగితాలు మూచూస్తుంటే కాఫీ కొట్టులోని జనం లేచి నిలబడి చూశారు. చూడనీ. ఊదా వేలిముద్ర కనబడ్డ నిమిషంలో దాన్ని కళ్లకద్దుకుని అక్కడే బావురుమన్నాను. తాత కంగారుపడి తన చల్లారిన కాఫీ నాకిచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. వేలిముద్ర ఉత్తరం అందుకుని, ఆ ముద్రమీద తన బొటనవేలు ఆనించింది. తర్వాత నెమ్మదిగా, "నీకు సదువు రాదు కదే," అంది.

నేను చేతిలో ఉన్న మిగతా ఉత్తరాలు సర్దుకోసాగాను.

"ఇందాక నల్లావు ఈనిందన్నావే, ఆ తరవాతది మా మరిది పోయిన కబురు. అన్నం తింటా సదివి, మీ మామ దప్పళం ఒలకబోసేరు. అది పసుపు కాదు, దప్పళం మరక. సదువు రాకపోతే మాత్రం నా ఇంటి మరకలు నాకు తెలీవా?"

ఏడుపు అందుకున్నాను. "ఊరుకో," అంది. "నా కొడుక్కి సెప్పకు. తెలుగు రాదని ఆడి సిగ్గు ఆడికే సాలు. అన్నీ పట్టుకెల్దాం. ఏది సావో ఏది పెళ్లో మనిద్దరికే తెలీనప్పుడు, కొత్తింటికి మాత్రం ఏటి తెలుస్తాది?"

అలా అన్నీ పదో అంతస్తుకు వచ్చాయి. ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్లూ మధ్యాహ్నాలు నన్ను పిలిచి, "ఒక ఉత్తరం సదువే," అనేది. నేను ఏదో ఒకటి అల్లి చివర్లో ఆవు ఈనించేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. వేలిముద్ర ఉత్తరం దగ్గర మాత్రం ఆవిడ నవ్వేది కాదు, కళ్లు మూసుకుని, "ఊఁ, అదే," అని తలూపేది. నన్ను ఆటపట్టిస్తోందనుకునేదాన్ని.

ఆవిడ పోయాక, అరవై దాటిన వయసులో, ఆదివారం తెలుగు క్లాసులో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చున్నాను. ("ఆంటీ, యువర్ 'క' అప్‌సైడ్ డౌన్ లా," అని పక్కపిల్ల సింగపూర్ ఇంగ్లీషులో దిద్దింది. దిద్దించుకున్నాను.) కూడబలుక్కుని చదవడం వచ్చాక మొట్టమొదట తీసింది ఆ ఉత్తరమే. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. అమ్మాయికి దీవించి రాయించేది. మేమంతా క్షేమం. వానలు బాగా పడ్డాయి. నువ్వు ఎత్తుకు తిరిగిన పెయ్య పెద్దదైంది, మొన్న ఈనింది.

వేలు పెట్టి మళ్లీ చదివాను. ఈనింది అనే ఉంది. మామగారు చదవగా విన్న అత్తగారికి ఆ సంగతి ముందే తెలుసు. నాకే తెలియలేదు.

మొన్న మనవరాలు ఉన్నట్టుండి ఒక కాగితం పైకెత్తింది. "నాన్నమ్మా, దిస్ వన్ చైనీస్ లా! మనకి చైనీస్ చుట్టాలున్నారా?" పాపం గోనెసంచి తాత ముక్కు అంత నమ్మకమైనది కాదు. "ఒకాయన ఉన్నాడు," అన్నాను, "దాన్నీ ఫొటో తియ్యి." నడిరోడ్డున చెప్పుల్లేకుండా కూర్చుని కాగితాలు మూచూసిన ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒక్క అక్షరం రాదు మహాతల్లికి. అయినా ఆ ఒక్క వేలిముద్ర ఉత్తరం మాత్రం ప్రతిసారీ తప్పు లేకుండా చదివింది.