ముందు వరస లెక్క

ఘాజియాబాద్‌లో మా బ్యాంకు బ్రాంచిలో నేను లోన్ల ఆఫీసర్ని. అప్పులు మొండిబాకీలు ఎందుకవుతాయని అడిగితే మాంద్యం, పోటీ, ముడిసరుకు ధర అని గడగడా అప్పజెప్పేవాణ్ని. ఆ జాబితాలో నేనూ ఉండొచ్చని తట్టనే లేదు.

ఒక ఫ్యాన్ల ఫ్యాక్టరీకి మేం అప్పిచ్చాం. గోడౌన్‌లోని సరుకే హామీ కనుక నెలకోసారి వెళ్లి లెక్క చూడాలి. యజమాని మహా మర్యాదస్తుడు. నేను తెలుగువాణ్నని తెలిసిన దగ్గర్నుంచి ఢిల్లీ అంతా గాలించి ఆవకాయ తెప్పించేవాడు. "సాబ్, పహలే ఖానా" అనేవాడు. వేడన్నంలో నెయ్యి పడ్డాక లెక్కల మీద ధ్యాస ఎవరికుంటుంది? ఆవలిస్తూ గోడౌన్ గుమ్మంలో నిలబడి, ముందు వరసలోని పెట్టెలు లెక్కపెట్టి, వెనక ఎన్ని వరసలున్నాయో ఆయన్నే అడిగి, హెచ్చవేసి సంతకం పెట్టేవాణ్ని. మావాళ్లందరి పద్ధతీ అదే. పైగా నేను కాస్త బొద్దు. పెట్టెల సందుల్లో పట్టనని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

తర్వాత నాకు నోయిడా బదిలీ అయింది. నా సీటులోకి వరంగల్ అమ్మాయి వచ్చింది, ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. మొదటి తనిఖీలోనే ఆమె భోజనం వద్దని, వెనక వరసలోంచి ఒక పెట్టె దింపించింది. ఖాళీ. దాని పక్కదీ ఖాళీయే. అప్పటికే వాయిదాలు ఆగిపోయాయి. సరుకు ఆమె వచ్చాకే మాయమైందని మేనేజరు పై ఆఫీసుకు రాశాడు.

ఆమె నాకు ఫోన్ చేసింది.

"సార్, మీరు ఎనక పెట్టెలు ఒక్కసారన్న దింపి చూసిండ్రా?"

వచ్చే నెలలో నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. "గుర్తులేదమ్మా" అన్నాను.

"జర గుర్తు చేసుకోండి సార్. నా నౌకరీ పోతది."

నాకు చచ్చేంత సిగ్గేసింది.

"చూళ్లేదమ్మా. ఒక్కసారి కూడా చూళ్లేదు."

"కాయితం మీద రాసిస్తరా?"

రాసిచ్చాను. ఆమె ఉద్యోగం నిలిచింది, నా ఇంటర్వ్యూ ఆగింది. నా మీద విచారణకు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన ఒకరు వచ్చారు. ఆయనా ఒకప్పుడు లోన్ల ఆఫీసరే. నేను రాసిన కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"అచ్ఛా, ఆ అమ్మాయి నిజంగానే పెట్టె దింపించిందా? ఎవరు దింపమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు సార్" అన్నాను.