గుడ్డు వేసినవా అని అడిగిన పాపానికి

ఈ రోజు నా సహచరి పుట్టినరోజు. చదువుకునే రోజుల్లో క్రిస్మస్‌కి హాస్టల్ వార్డెన్ చేసిపెట్టిన ఎండుపళ్లు కూరి కాల్చిన ‘పై’ని ఆమె ఇప్పటికీ తలుచుకుంటుంది. వంటగది ఆడవాళ్ల జాగీరు కాదని రోజూ ఇక్కడ పోస్టులు పెట్టి గొంతు చించుకునే నేను ఆ మాట నిలబెట్టుకోవాలి కదా! ఖుబానీలు, అంజీర్ నానబెట్టి, ఖుబానీల గింజలు తీసి, గుజ్జు చేసి, మైదా రేకుల మధ్య సర్దాను. ఇంట్లో ఓవెన్ లేదు. మధురానగర్‌లో మా సందు చివరి బేకరీలో ఇరుగుపొరుగు వాళ్ల ట్రేలు కూడా భట్టీలో కాల్చిపెడతారు. అక్కడికి పట్టుకెళ్లాను.

భట్టీ దగ్గరున్న యాదగిరి ట్రే చూసి, “అన్నా, దీనికి గుడ్డు ఏమన్న వేసినవా?” అన్నాడు.

నాకు మండిపోయింది. “వేస్తే ఏంటి? ఎవరేం తినాలో చెప్పడానికి నువ్వెవరు?” అని మొదలుపెట్టి, తిండి హక్కు మీద పది నిమిషాలు దంచాను. బన్నులు కొనడానికొచ్చిన హాస్టల్ అమ్మాయిలు ఫోన్లు కూడా తీశారు.

యాదగిరి అంతా విని, “అయిపోయిందా అన్నా? మీద జర గుడ్డు రాస్తే రంగు మస్తు వస్తదని అడిగిన. లేకుంటే తెల్లగ పాలిపోతది” అంటూ తన గుడ్డే కొట్టి, బ్రష్‌తో రాసి, ట్రేని భట్టీలోకి తోశాడు.

సాయంత్రం ఆమె ఆ బంగారు రంగు చూసి, “అచ్చం మా వార్డెన్ చేసినట్టే ఉంది. నీకెలా వచ్చింది?” అంది. జరిగిందంతా చెప్పాను.

“యాదగిరికి ఒక ముక్క ఇచ్చి రా. నోరు మూసుకుని ఇచ్చి రా.”

ఇచ్చి వచ్చాను. అడిగింది పూర్తిగా వినకుండానే యుద్ధానికి దిగే జబ్బు నాకొక్కడికేనా, మీకూ ఉందా? చెప్పండి. ఈసారి మీ కామెంట్లు చివరిదాకా చదివాకే తిడతాను.