అమ్మడికి చెప్పిన కబుర్లు

నా చిన్నప్పుడు, ఒక గుర్రం వీపు మీద కూర్చుని ఉండగా, దాని చెవులు రెండూ ఒక్కసారిగా వెనక్కి వాలిపోవడం చూశాను. డోలు ఇంకా మోగనే లేదు. వాయించేవాళ్లు గ్రౌండు అవతలి చివర నిలబడి పట్టీలు బిగించుకుంటున్నారు, అంతే. కానీ నా కాళ్ల కింద దాని ఒళ్లంతా బిగుసుకుంది. ఇక పడిపోతాననే ఆ క్షణంలో అనుకున్నాను.

అది భిలాయిలో, ఖుర్సీపార్ బస్తీలో మా పెద్దనాన్న కొన్న తెల్లటి ఆడగుర్రం. ఇక్కడి పెళ్లిళ్లలో వరుడు ముందు ఒక చిన్నపిల్లనో పిల్లవాడినో కూర్చోబెట్టుకుని గుర్రమెక్కి వస్తాడు. బ్యాండుకి తగ్గట్టు గుర్రం కాళ్లెత్తి ఆడాలి. విజయనగరం వైపు నుంచి వచ్చిన మావాళ్లకి ఈ ఆచారం లేదు. అయినా భిలాయిలో పుట్టిన మా అన్నయ్యలు గుర్రం లేనిదే పెళ్లేమిటనేవారు. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే పెద్దనాన్న, ముహూర్తాల రోజుల్లో అద్దెకి తిప్పుదామని దాన్ని తెచ్చాడు.

దాన్ని అమ్మినవాడు డోలు వాయిస్తూ, కాళ్ల మీద బెత్తంతో కొడుతూ ఆట నేర్పాడట. దాంతో డోలు వినిపిస్తే చాలు, దానికి దెబ్బ గుర్తొచ్చేది. మొదటి ఊరేగింపులోనే వెనక కాళ్ల మీద లేచి పెళ్లికొడుకుని కింద పడేసింది. పాపం ఆయన మిగతా దారంతా తలపాగా సర్దుకుంటూ స్కూటరు వెనక కూర్చుని వెళ్లాడు. వచ్చే ముహూర్తాలకి దారికి రాకపోతే ఇటుక బట్టీకి ఇచ్చేస్తానని పెద్దనాన్న తేల్చి చెప్పేశాడు. బట్టీ బళ్లు లాగే గుర్రాల వీపుల మీది పుళ్లు మేమందరం చూసినవే.

ఆ మాట విన్న మా పెద్దమ్మ గుర్రానికి అమ్మడు అని పేరు పెట్టింది. అది గడ్డి మేస్తున్నప్పుడు దూరంగా గుమ్మంలో కూర్చుని, ఖాళీ డాల్డా డబ్బా మీద వేలితో మెల్లగా తట్టేది. గుర్రం తలెత్తితే ఆపేసేది. మళ్లీ మేతకి వంగాక మళ్లీ తట్టేది. వీధిలోవాళ్లు ఆవిణ్ని బ్యాండు మాస్టరని ఏడిపించారు. ఆవిడా నవ్వింది గానీ తట్టడం మానలేదు. చలికాలం గడిచేసరికి డబ్బా జరుగుతూ జరుగుతూ గుర్రం పక్కకే వచ్చేసింది. ఆ చప్పుడు వింటే బెల్లం ముక్క దొరుకుతుందని గుర్రమే వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టింది.

ఇక వీపు మీద మనిషి కావలసి వచ్చింది. తేలిగ్గా ఉంటానని నన్ను ఎక్కించారు. ఒంటరిగా ఉన్నప్పుడు డబ్బా చప్పుడుకి చలించని గుర్రం, నేనెక్కాక వణికేది. నేనంటే దానికి పడదనుకున్నాను. పెద్దమ్మ ఒకరోజు నా మోకాలి మీద చెయ్యి వేసి చూసి, "ఒలే గుంటా, అది డబ్బాకి బెదరట్లేదే. నీకు బెదురుతంది. నువ్వు ఊపిరి బిగబడితే అదీ బిగబడతంది" అంది. భయపడకు అని మాత్రం అనలేదు. ఆ మాట ఆవిడ నోటినుంచి నేనెప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు గ్రౌండులోకి నిజం డోలు వచ్చింది. పెద్దనాన్న చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని చూస్తున్నాడు. అమ్మడు ఇంట్లో ఉంటుందో బట్టీకి పోతుందో ఇప్పుడే తేలుతుందని మా అందరికీ తెలుసు. నేను జూలు గట్టిగా పట్టుకున్నాను. చెవులు వెనక్కి వాలిపోయాయి. పెద్దమ్మ పగ్గం వదులుగా పట్టుకుని, గుర్రం కేసి కాకుండా నా కేసి చూసింది.

"పొద్దున్న ఏటి తిన్నావో దానికి సెప్పు" అంది.

నేను హిందీలో మొదలుపెట్టాను. స్కూల్లోనూ వీధిలోనూ నాకు వచ్చేది అదే. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"అది దెబ్బలు తిన్నది హిందీలోనే. తెలుగులో దాన్ని ఇంకా ఎవులూ కొట్టలేదు. తెలుగులో సెప్పు."

చద్దన్నం తిన్నానని చెప్పాను. అన్నంలో నంజుకున్నదాని పేరు హిందీలో తెలుసు, తెలుగులో తట్టలేదు. వెతుక్కున్నాను. అమ్మ రోజూ అనే మాటే, నాలుక చివర ఉంది, రావడం లేదు. అలా వెతుకుతూ వెతుకుతూ ఎప్పుడు వదిలానో జూలు వదిలేశాను. "ఉల్లిపాయ" అని పెద్దగా ఊపిరి విడిచాను.

గుర్రం ఒక చెవి నా వైపు తిరిగింది.

డోలు మోగడం మొదలై చాలాసేపయిందని అప్పుడు తెలిసింది. నేను ఇంకా చెబుతూనే ఉన్నాను, చారు గురించి, చిరిగిన నా చెప్పు గురించి. నా కింద అది మెల్లగా ముందు కాలు ఎత్తింది. కాసేపు గాలిలో అలాగే నిలిపి, దించి, రెండోది ఎత్తింది. చేతిలో బెత్తం ఉన్న మనిషి చుట్టుపక్కల ఎక్కడా లేడు. అంత పెద్ద ప్రాణి తనంతట తానే ఆడుతోంది, నా మాటలు వింటూ. దుమ్ములో సాయంకాలపు ఎండ, దాని మెడ మీద చెమట మెరుపు, నా ఒంట్లోకి ఎక్కివస్తున్న ఆ లయ. గుళ్లో కూడా నాకు అలా ఒళ్లు పులకరించలేదు.

పెద్దనాన్న చేతులు విప్పుకుని లోపలికి వెళ్లి, బెల్లం ముక్క తెచ్చి తన చేత్తో దానికి పెట్టాడు. బట్టీ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు భిలాయిలోనే, సెక్టర్ 6లో మా క్వార్టర్ ముందు రోడ్డు మీద నా కూతురు సైకిలు నేర్చుకుంటోంది. దాని తమ్ముడు వెనకే పరిగెత్తుతుంటాడు. పిల్లలకి కాస్త ఒళ్లు వెచ్చబడినా, స్కూలు ఆటో కాస్త ఆలస్యమైనా గుండె జారిపోయే మనిషిని నేను. నిన్న సాయంత్రం సీటు ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, నా వేళ్ల మీద అచ్చులు పడ్డాయి. పిల్ల బండి దిగిపోయి, నువ్వు పట్టుకుంటేనే నాకు భయంగా ఉందమ్మా అని హిందీలో ఏడ్చింది. నా మోకాలి మీద పెద్దమ్మ అరచెయ్యి మళ్లీ తగిలినట్టయింది.

ఈ రోజు పొద్దున్న, స్కూలుకి ముందు, ఇద్దరినీ రోడ్డు మీదికి తీసుకెళ్లి చెప్పాను. నాకూ భయమే, అయినా ఈ రోజు సీటు పట్టుకోను, పక్కన నడుస్తాను అని. తొక్కుతూ, టిఫిన్ ఏం తిన్నావో నాకు తెలుగులో చెప్పమన్నాను. తెలుగులో మాటలు దొరక్కపోతేనో అని పిల్ల అడిగింది.

"వెతుక్కో తల్లీ," అన్నాను. "మెల్లగా వెతుక్కో. నేను వింటూ ఉంటాను."