డిలిస్ లేచి నిలబడింది

డిలిస్ ఆక్రాయిడ్ కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. మంగళవారం, గురువారం మా బడిలో సైన్సు చెప్పేది. మిగతా రోజుల్లో నలభై మైళ్ళ అవతల మంచినీళ్ళు పరీక్ష చేసే చోట సీసాలు పట్టుకుని తిరిగేది. అక్కడున్నంతసేపూ ఇక్కడి పిల్లల గురించి, ఇక్కడున్నంతసేపూ అక్కడి నీళ్ళ గురించి కంగారు. పదకొండేళ్ళు అలాగే గడిపింది. పక్కగదిలో వడ్రంగం నేర్పే నాకు గోడ అవతల ఆమె అడుగుల చప్పుడు ఆగకుండా వినబడేది.

మాది క్వేకర్లనే క్రైస్తవ శాఖ వాళ్ళ బడి, ఇక్కడ సార్, మేడం అనడాలు లేవు. పిల్లలైనా పేరు పెట్టే పిలుస్తారు.

"డిలిస్, కాస్త కూర్చో తల్లీ! నిన్ను చూస్తుంటే మాకు కళ్ళు తిరుగుతున్నాయి," అని టాబిత అనే పిల్ల ఒకసారి బతిమాలింది.

"అణువులు కూర్చుంటాయా ఏంటి, నేను కూర్చోడానికి?" అంది డిలిస్.

ఇలాంటి మనిషికి మా మౌన ప్రార్థన ఎంత శిక్షో చెప్పనక్కర్లేదు. మేమంతా అరగంట మెదలకుండా కూర్చుంటే, ఆమె వేళ్ళు మాత్రం మోకాలి మీద ఏదో లెక్క వేస్తూ ఉండేవి.

ఆ ఫిబ్రవరిలో ఆమె గుండెల్లో రాయి పడింది. పై తరగతుల్లో సైన్సు చదివేవాళ్ళు ఏడుగురే మిగిలారు. వాళ్ళని బస్సులో టౌను కాలేజీకి పంపి, డిలిస్ పాఠాలు ఎత్తేద్దామా అని గురువారం సాయంత్రం సభ పెట్టారు. మా సభల్లో ఓట్లుండవు. చెప్పాల్సింది ఉన్నవాళ్ళు లేచి చెబుతారు, మధ్యమధ్య మౌనం. చివరికి సభ నడిపే ప్రూడెన్స్, అందరి మనసూ ఇదీ అని రాసి చదువుతుంది. ఎవరూ కాదనకపోతే అదే నిర్ణయం.

"నీకు ఈ పని కావాలని లేచి చెప్పెయ్," అన్నాను సభకి వెళుతూ.

"నా ఉద్యోగం నేనే అడుక్కోనా, ఆంబ్రోస్? సిగ్గుగా ఉండదూ? నువ్వు చెప్పరాదూ?"

"సరే, చెప్తాలే."

బస్సే మేలని ఇద్దరు చెప్పారు. మళ్ళీ మౌనం. నేను గొంతు సవరించుకునేలోపే డిలిస్ దిగ్గున లేచి నిలబడింది. మౌనంలో ఎవరైనా లేచారంటే లోపల్నుంచి దేవుడే మాట పుట్టించాడని మాకు లెక్క. ప్రూడెన్స్ కలం కింద పెట్టింది. అందరూ తలలు వంచుకున్నారు.

డిలిస్ ముఖం కందిపోయింది. "పొయ్యి మండుతూనే ఉంది. ఆర్పకుండా వచ్చేశాను," అని ఒక్క పరుగున వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం డిలిస్ పాఠం కోసం మైలుతుత్తం నీళ్ళు గ్యాసు పొయ్యి మీద పెట్టడం నేను చూశాను కాబట్టి నాకు విషయం తెలిసిపోయింది. మిగతావాళ్ళకి ఇంకోలా అర్థమైంది. కాసేపటికి ముసలి గిల్బర్ట్ కళ్ళు తుడుచుకుంటూ లేచాడు.

"పిల్లల్లో మంట రగిలించి, మధ్యలో వదిలేసి పోతున్నామని ఎంత బాగా చెప్పింది!" అన్నాడు.

"నాకూ ఆ మాటే తగిలింది," అంది బస్సు మేలన్నామె.

నవ్వాపుకోలేక పెదవి కొరుక్కున్నాను. ఇక నేను మాట్లాడే పనే లేదని హాయిగా వెనక్కి వాలాను. డిలిస్ తిరిగొచ్చేసరికి, పొయ్యి గురించి ఆమె అన్న మాట అందరినీ కదిలించిందనీ, ఆమె పాఠాలు కొనసాగాలని సభ కోరుతోందనీ ప్రూడెన్స్ చదువుతోంది. డిలిస్ సంతోషం ఒక్క క్షణమే.

"అయ్యో, నేను నిజంగా పొయ్యి గురించే అన్నాను," అంది. "గిన్నె మాడిపోయింది కూడా. అంతకుమించి ఆ మాటలో ఏమీ లేదు. దాన్ని పట్టుకుని నన్ను ఉంచకండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు మూసుకుని కూర్చోవడమే కదమ్మా మన మతం, ఈ ఒక్క నిమిషం కూర్చోలేకపోయావా అని అరవాలనిపించింది.

ప్రూడెన్స్ రాసింది కొట్టేసింది. "అయితే డిలిస్ పాఠాల గురించి ఇంకెవరైనా చెప్పాల్సింది ఉందా?" అని అడిగింది.

డిలిస్ నా వైపు చూసింది. ఆమె వేళ్ళు కూడా కదలడం లేదు. లేవాలనే ఉంది నాకు. స్నేహితురాలి కోసం సిఫార్సు అనుకుంటారేమో, గిల్బర్ట్ నొచ్చుకుంటాడేమో, ఏ మాటతో మొదలుపెట్టాలో అని లోపల్లోపల సరిచూసుకుంటున్నాను. అలా సరిచూసుకుంటూ ఉండగానే ప్రూడెన్స్ మళ్ళీ రాసి, చదివింది. వేసవితో పాఠాలు ఆగిపోతాయి, పిల్లలు బస్సులో వెళతారు. ఎవరికైనా అభ్యంతరమా అని మా అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది.

నా ముఖం కూడా చూసింది. నేను కాదనలేదు.